కస్టమర్‌ని డిలీట్ చేస్తే బిల్లు ఎందుకు మాయమైంది? క్వెరీ ఫిల్టర్లు, ఈగర్ లోడింగ్ కలిసినప్పుడు

ఈ ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద కోడ్ పెద్దగా చూపించను. మీలో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు, ఫోన్‌లో ఎస్‌క్యూఎల్ చదవమంటే కళ్ళు పోతాయి. కాబట్టి ఒక కాగితం, పెన్ను తీసుకోండి. ఆరు బిల్లులు రాసుకుంటే చాలు, విషయం మొత్తం అందులోనే ఉంది.

ఒక కిరాణా కొట్టు అనుకోండి. ఖాతా పుస్తకం బదులు యాప్ వాడుతున్నారు. ముగ్గురు కస్టమర్లు: టీచరమ్మ, మేస్త్రి, ఆటో అన్న. టీచరమ్మకి రెండు బిల్లులు, 500, 700. మేస్త్రికి రెండు, 1200, 800. ఆటో అన్నకి రెండు, 300, 400. అన్నీ అప్పు బిల్లులే, ఎవరూ ఇంకా కట్టలేదు. మొత్తం కూడితే 3900 రూపాయలు. రాసుకున్నారా?

ఇప్పుడు ఈ ఊళ్ళో ఇల్లు కట్టే పని అయిపోయింది, మేస్త్రి వేరే ఊరు వెళ్ళిపోయాడు. కొట్టు యజమాని యాప్‌లో కస్టమర్ల లిస్ట్ పొడుగైపోతోందని మేస్త్రి పేరు మీద డిలీట్ నొక్కాడు. యాప్ రాసినవాళ్ళు తెలివిగా సాఫ్ట్ డిలీట్ పెట్టారు. అంటే టేబుల్‌లోంచి వరుస తీసెయ్యరు, "డిలీటెడ్" అనే కాలమ్‌లో అవును అని రాస్తారు, అంతే. మేస్త్రి డేటా భద్రంగానే ఉంది. బిల్లుల్ని ఎవరూ ముట్టుకోలేదు.

మర్నాడు యజమాని బాకీల పేజీ తెరిచాడు. పైన మొత్తం బాకీ 3900 అని ఉంది. కింద లిస్ట్‌లో నాలుగే బిల్లులు. కూడితే 1900. మేస్త్రి ఇవ్వాల్సిన 2000 రూపాయలు కనబడట్లేదు. బిల్లు టేబుల్ చూస్తే ఆరు వరుసలూ ఉన్నాయి. మరి లిస్ట్‌లోంచి ఎవరు తీశారు?

దీనికి జవాబు ఓఆర్‌ఎం లోపల ఉంది. ఓఆర్‌ఎం అంటే మన క్లాసులకి, డేటాబేస్ టేబుల్స్‌కి మధ్య దుబాసీ లాంటి లైబ్రరీ. డాట్‌నెట్‌లో ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్, జావాలో హైబర్నేట్, పైథాన్‌లో జాంగో సొంత ఓఆర్‌ఎం, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, రూబీలో రైల్స్ వాళ్ళ యాక్టివ్ రికార్డ్. ముందు ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ తీసుకుంటాను, ఎందుకంటే ఈ తమాషా అందులోనే బాగా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక నుంచి పొట్టిగా ఈఎఫ్ కోర్ అంటాను.

అందులో రెండు సౌకర్యాలున్నాయి. మొదటిది గ్లోబల్ క్వెరీ ఫిల్టర్. ఇది 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి ఉంది. "కస్టమర్ అనే ఎంటిటీని ఎక్కడ అడిగినా డిలీట్ కానివాళ్ళనే ఇవ్వు" అని మోడల్‌లో ఒక్కసారి చెప్పేస్తాం. ప్రతి క్వెరీలో విడిగా రాయక్కర్లేదు. రెండోది ఈగర్ లోడింగ్. బిల్లులు తెచ్చేటప్పుడే వాటి కస్టమర్‌ని కూడా వెంట తీసుకురా అని చెప్పడం. దానికి వాడే పదం ఇన్‌క్లూడ్. ఇది లేకపోతే వంద బిల్లులకి వంద సార్లు డేటాబేస్ దగ్గరికి వెళ్ళి కస్టమర్ పేరు అడిగే పరిస్థితి వస్తుంది. ఇంటర్వ్యూల్లో ఎన్ ప్లస్ వన్ అని అడుగుతారే, అదే.

రెండూ మంచివే. విడివిడిగా వాడితే ఏ గొడవా లేదు. కలిస్తేనే గొడవ.

మన మనసులో ఇన్‌క్లూడ్ అంటే ఏమనుకుంటాం? "బిల్లులు ఎలాగూ వస్తాయి, అదనంగా కస్టమర్ కూడా వస్తాడు" అనుకుంటాం. కూరతో పాటు పెరుగు అడిగినట్టు. పెరుగు అయిపోతే పెరుగు రాదు గానీ కూర కూడా ఎత్తేస్తారా? ఇక్కడ మాత్రం కూర కూడా ఎత్తేశారు. ఎందుకో చూద్దాం.

బిల్లు టేబుల్‌లో కస్టమర్ ఐడీ అనే ఫారిన్ కీ ఉంది. అది ఖాళీగా ఉండకూడదు అని మనమే పెట్టాం, ప్రతి బిల్లుకి ఒక కస్టమర్ ఉండాలి కదా. దీన్ని రిక్వయర్డ్ నావిగేషన్ అంటారు. ఈఎఫ్ కోర్ ఈ మాటని నమ్ముతుంది. "ప్రతి బిల్లుకీ కస్టమర్ కచ్చితంగా ఉంటాడు, కాబట్టి ఇన్నర్ జాయిన్ వేసినా ఒక్క బిల్లు కూడా పోదు" అని లెక్క వేసుకుని ఇన్నర్ జాయిన్ రాస్తుంది. లెక్క తప్పు కాదు. కానీ అదే సమయంలో కస్టమర్ మీద మన గ్లోబల్ ఫిల్టర్ ఉంది. కాబట్టి జాయిన్ అయ్యేది మొత్తం కస్టమర్ టేబుల్‌తో కాదు, డిలీట్ కాని కస్టమర్లతో మాత్రమే.

కాగితం మీద చేయండి. కస్టమర్ల లిస్ట్‌లో మేస్త్రి పేరు కొట్టేయండి. ఇప్పుడు ఇన్నర్ జాయిన్ రూల్ ఏంటి? రెండు వైపులా జోడీ దొరికితేనే వరుస వస్తుంది. టీచరమ్మ 500కి జోడీ ఉంది, 700కి ఉంది. మేస్త్రి 1200కి జోడీ లేదు, పోయింది. 800 పోయింది. ఆటో అన్నవి రెండూ ఉన్నాయి. నాలుగు బిల్లులు, 1900.

"కస్టమర్ తప్పకుండా ఉంటాడు" అని ఒక చోట మాటిచ్చాం. "కొందరు కస్టమర్లు లేనట్టే లెక్క" అని ఇంకో చోట చెప్పాం. ఈ రెండు మాటలూ ఒకే క్వెరీలో ఎదురుపడేదాకా గొడవ బయటపడదు. ఇన్‌క్లూడ్ తీసేసి బిల్లులు అడిగితే ఆరూ వస్తాయి. ఇన్‌క్లూడ్ పెడితే నాలుగే. ఎర్రర్ ఉండదు. ఎక్సెప్షన్ ఉండదు. యాప్ క్రాష్ అయితే కనీసం ఎవరైనా ఫోన్ చేస్తారు. ఇది అలా కూడా కాదు.

మరి పైన 3900 ఎలా వచ్చింది? మొత్తం కూడమని సమ్ అడిగినా, ఎన్ని ఉన్నాయని కౌంట్ అడిగినా ఫలితంలో ఎంటిటీలు రావు, ఒక అంకె వస్తుంది. అప్పుడు ఇన్‌క్లూడ్‌తో పని లేదని ఈఎఫ్ కోర్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. జాయిన్ లేదు, బిల్లులు పోలేదు. కాబట్టి పైన సరైన అంకె, కింద తక్కువ లిస్ట్. మీ యాప్‌లో టోటల్‌కీ లిస్ట్‌కీ తేడా వస్తోందంటే వెంటనే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. పేజీకి 20 చొప్పున చూపించే చోట కూడా ఇదే: ముందు 20 బిల్లులు తీసి, ఆ తర్వాత ఫిల్టర్ పడిన కస్టమర్లతో జాయిన్ చేస్తే స్క్రీన్ మీద 17 కనబడొచ్చు. పేజీలు మాత్రం సరిగ్గానే ఉన్నాయంటుంది. యూజర్ స్క్రోల్ చేస్తాడు, మనకి బగ్ రిపోర్ట్ కూడా రాదు.

ఇక్కడ ఈఎఫ్ కోర్‌ని పూర్తిగా తిట్టడం న్యాయం కాదు. ఇలాంటి మోడల్ కనబడితే అది లాగ్‌లో వార్నింగ్ ఇస్తుంది. ఫలానా ఎంటిటీ మీద గ్లోబల్ ఫిల్టర్ ఉంది, అదే ఎంటిటీ ఒక సంబంధంలో తప్పనిసరి వైపు కూడా ఉంది, ఫలితాలు అనుకోని విధంగా రావచ్చు అని. కానీ యాప్ స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే ముప్ఫై లైన్లలో పసుపు రంగు లైను ఎవరు చదువుతారు చెప్పండి. విసుగొచ్చి ఆ వార్నింగ్ రాకుండా ఆపేసేవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆపకండి.

మరి ఏం చేయాలి? డాక్యుమెంటేషన్‌లో రెండు దారులు ఉంటాయి. ఒకటి, నావిగేషన్‌ని ఆప్షనల్ చేయడం. అప్పుడు ఈఎఫ్ కోర్ లెఫ్ట్ జాయిన్ వేస్తుంది. బిల్లులు ఆరూ వస్తాయి, మేస్త్రి బిల్లుల్లో కస్టమర్ స్థానంలో నల్ ఉంటుంది. స్క్రీన్ మీద పేరు చూపించే కోడ్ ఆ నల్‌ని తట్టుకునేలా రాయాలి. రెండోది, బిల్లు మీద కూడా అదే ఫిల్టర్ పెట్టడం: కస్టమర్ డిలీట్ అయితే బిల్లు కూడా కనబడకూడదు అని. అప్పుడు ఇన్‌క్లూడ్ ఉన్నా లేకపోయినా నాలుగే వస్తాయి, టోటల్ కూడా 1900 అవుతుంది. అంకెలు రెండూ కలుస్తాయి. కలిసి రెండూ తప్పే చెప్తాయి! బ్లాగు డిలీట్ చేస్తే పోస్టులు కూడా పోవాలి అనే చోట ఈ రెండో దారి బాగుంటుంది. బాకీ దగ్గర కాదు. మేస్త్రి ఊరు వదిలినంత మాత్రాన అప్పు మాఫీ అవ్వదు.

నా అభిప్రాయం అడిగితే ఇంకో మెట్టు వెనక్కి వెళ్ళాలి. యజమాని నొక్కింది డిలీటే కావచ్చు, అతని మనసులో ఉన్నది అది కాదు. "రోజూ వాడే లిస్ట్‌లో ఇతను వద్దు" అన్నాడు, అంతే. అది ఇన్‌యాక్టివ్ అనే స్టేటస్. దానికి గ్లోబల్ ఫిల్టర్ అవసరమే లేదు. కస్టమర్ల లిస్ట్ పేజీలో ఒక్క షరతు రాస్తే చాలు. డబ్బు లెక్కలు, మార్కుల మెమోలు, మందుల చీటీలు, ఇలా పాత కాగితం ఎప్పటికీ చదవగలగాల్సిన చోట, ఆ కాగితం మీద పేరున్న మనిషిని గ్లోబల్ ఫిల్టర్‌తో దాచడం నాకు నచ్చదు. బిల్లు వేసిన రోజు పేరు ఏముందో అది బిల్లులోనే కాపీ చేసి పెట్టుకోవడం కూడా మంచి అలవాటే. పాత ఖాతా పుస్తకాల్లో చేసేది అదే కదా.

ఇప్పుడు ఇంతకంటే ప్రమాదకరమైన సంగతి. లిస్ట్‌లో బిల్లులు తగ్గాయని తెలిశాక చాలామంది చేసే పని, క్వెరీ చివర ఇగ్నోర్ క్వెరీ ఫిల్టర్స్ అని తగిలించడం. ఒక్క లైను, బిల్లులు ఆరూ వచ్చేస్తాయి, సమస్య తీరిందని సంబరం. కానీ మన యాప్ ఒక్క కొట్టుకే కాదు కదా. ఒకే డేటాబేస్‌లో వంద కొట్ల డేటా ఉంటుంది. "ఈ కొట్టువాళ్ళకి ఈ కొట్టు డేటానే చూపించు" అనేది కూడా చాలాచోట్ల ఇదే గ్లోబల్ ఫిల్టర్‌తోనే రాస్తారు. ఆ ఒక్క లైను ఆ క్వెరీలోని ఫిల్టర్లన్నీ ఆపేస్తుంది. ఇన్‌క్లూడ్ ద్వారా వచ్చే ఎంటిటీల మీద ఉన్నవి కూడా. ఇక ఆ పేజీలో పక్క వీధి కొట్టు అప్పుల చిట్టా కూడా కనబడుతుంది. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో అనేది ఊళ్ళో ఎంత సున్నితమైన విషయమో నేను చెప్పక్కర్లేదు.

దీనికి 2025 నవంబర్‌లో వచ్చిన ఈఎఫ్ కోర్ 10లో మంచి మందు ఇచ్చారు. ఫిల్టర్లకి పేర్లు పెట్టొచ్చు. సాఫ్ట్ డిలీట్‌కి ఒక పేరు, కొట్టు ఫిల్టర్‌కి ఇంకో పేరు. ఆపేటప్పుడు ఫలానా పేరున్నది మాత్రమే ఆపు అని చెప్పొచ్చు. అంతకుముందు వెర్షన్లలో ఒక ఎంటిటీకి ఒకే ఫిల్టర్. రెండు షరతులు కావాలంటే ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో కలిపి రాయాలి. రెండుసార్లు విడిగా పెడితే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది, అదీ నిశ్శబ్దంగానే. కొట్టు ఫిల్టర్ ముందు రాసి, కింద ఎవరో సాఫ్ట్ డిలీట్ ఫిల్టర్ రాస్తే ఏమవుతుందో ఊహించుకోండి. పాత వెర్షన్‌లో ఉన్నవాళ్ళు ఈ ఎపిసోడ్ ఆపి వెళ్ళి ఆ ఫైల్ ఒకసారి చూసుకుని రండి, నేను ఆగుతాను.

సరే. ఇప్పటిదాకా బిల్లు నుంచి కస్టమర్ వైపు చూశాం. కస్టమర్ నుంచి బిల్లుల వైపు వెళ్తే ఇంకో రకం తమాషా.

ఆటో అన్న 300 కట్టేశాడు అనుకోండి. ఇప్పుడు కస్టమర్లని తీసుకుని, వాళ్ళ కట్టని బిల్లులు మాత్రమే వెంట తెమ్మని అడగాలి. 2020 నవంబర్‌లో వచ్చిన ఈఎఫ్ కోర్ 5 నుంచి ఇన్‌క్లూడ్ లోపలే వేర్ షరతు రాయొచ్చు. ఫిల్టర్డ్ ఇన్‌క్లూడ్ అంటారు. పని చేస్తుంది. కానీ అదే కాంటెక్స్ట్‌లో అంతకుముందు ఇంకేదో అవసరానికి ఆటో అన్న బిల్లులన్నీ తెచ్చి ఉంటే? ఈఎఫ్ కోర్ తను తెచ్చిన వస్తువుల్ని గుర్తు పెట్టుకుంటుంది, సంబంధం ఉన్నవాటిని తనంతట తానే కలుపుతుంది. కాబట్టి డేటాబేస్ 400 ఒక్కటే పంపినా, జ్ఞాపకంలో ఉన్న 300 కూడా ఆ లిస్ట్‌లో వచ్చి కూర్చుంటుంది. కట్టిన బిల్లుకి మళ్ళీ గుర్తు చేస్తూ మెసేజ్ వెళ్తుంది. ఆటో అన్న కొట్టు ముందుకొచ్చి ఏమంటాడో మీరే రాసుకోండి. చదవడానికి మాత్రమే వాడే క్వెరీలకి ఏజ్ నో ట్రాకింగ్ పెట్టడం, లేదా కొత్త కాంటెక్స్ట్‌తో అడగడం దీనికి విరుగుడు.

దీనికి అద్దంలో ప్రతిబింబం లాంటిది హైబర్నేట్‌లో ఉంది. జాయిన్ ఫెచ్‌తో బిల్లులు తెచ్చి, ఆ బిల్లుల మీదే వేర్ షరతు పెడితే కస్టమర్ దగ్గర సగం కలెక్షన్ ఉంటుంది. కానీ ఆ కలెక్షన్ "పూర్తిగా లోడ్ అయింది" అని హైబర్నేట్ గుర్తు వేసుకుంటుంది. అదే సెషన్‌లో ఇంకో మెథడ్, ఇంకో మనిషి రాసింది, "ఈ కస్టమర్ బిల్లులన్నీ కూడు" అంటే సగమే కూడుతుంది. ఆ మెథడ్‌లో ఏ తప్పూ లేదు, పాపం. రైల్స్‌లో కూడా ఇన్‌క్లూడ్స్ రాసి, చైల్డ్ టేబుల్ మీద వేర్ పెడితే అంతే: షరతుకి సరిపడే బిల్లు లేని కస్టమర్ మొత్తంగా మాయం, ఉన్న కస్టమర్ దగ్గర కొన్ని బిల్లులే. అక్కడ వడపోతకి వేరే జాయిన్ వాడి, లోడింగ్‌కి ప్రీలోడ్ వాడితే రెండూ విడిపోతాయి.

జాంగో వాళ్ళు నవ్వుకుంటున్నారేమో, మా దగ్గర బిల్లు పోదు అని. నిజమే, పోదు. అక్కడ కథ తలకిందులు. సాఫ్ట్ డిలీట్ కోసం కస్టమర్ మీద సొంత మేనేజర్ రాసి డిఫాల్ట్‌గా పెడతారు కదా. సెలెక్ట్ రిలేటెడ్‌తో బిల్లు నుంచి కస్టమర్‌ని తెస్తే ఆ మేనేజర్ ఫిల్టర్ అసలు వర్తించదు. డిలీట్ చేసిన మేస్త్రి పేరు దర్జాగా కనబడుతుంది. అదే అటు నుంచి, కస్టమర్ వైపు నుంచి ప్రీఫెచ్ రిలేటెడ్‌తో బిల్లులు తెస్తే బిల్లుల డిఫాల్ట్ మేనేజర్ ఫిల్టర్ వర్తిస్తుంది. బాకీ పేజీకి జాంగో పద్ధతి వరమే. కానీ ఒక యూజర్ "నా పేరు తీసేయండి" అని అడిగి, మీరు తీసేశామని చెప్పి, పాత కామెంట్ కింద ఆ పేరు ఇంకా కనబడుతుంటే అది వరం కాదు. ఇంకొకటి, ప్రీఫెచ్ చేశాక పైథాన్ లూప్‌లో ఆ సంబంధం మీద మళ్ళీ ఫిల్టర్ అని పిలిస్తే తెచ్చింది పనికిరాదు, ప్రతి వరుసకీ కొత్త క్వెరీ వెళ్తుంది. ఎన్ ప్లస్ వన్ దొడ్డిదారిన వచ్చేసినట్టు. అందుకే ప్రీఫెచ్ అనే ఆబ్జెక్ట్‌లో ఫిల్టర్ రాసి, ఫలితాన్ని వేరే పేరుతో పెట్టుకోవాలి. వేరే పేరు ముఖ్యం. లేకపోతే ఆల్ అని అడిగినప్పుడు కూడా వడపోసినవే వస్తాయి, హైబర్నేట్ సగం కలెక్షన్ కథే మళ్ళీ.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీది. అక్కడ జాయిన్డ్ లోడ్ వాడితే, ఆ జాయిన్‌కి లోపల ఒక అజ్ఞాత పేరు పెడుతుంది. మన వేర్ షరతు ఆ పేరుని అందుకోలేదు. అంటే వెంట తెమ్మన్నది వెంట తేవడానికే, ఎవరు రావాలో తేల్చడానికి కాదు అని గోడ కట్టేశారు. గోడ వద్దు, నా జాయిన్‌లోని వరుసలతోనే కలెక్షన్ నింపు అంటే కంటెయిన్స్ ఈగర్ అని నోరు తెరిచి చెప్పాలి. వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో దీని మీద "ది జెన్ ఆఫ్ జాయిన్డ్ ఈగర్ లోడింగ్" అని ఒక భాగమే ఉంది. మీరు పైథాన్ వాడకపోయినా చదవండి.

ఇక మీ ప్రాజెక్ట్‌లో చూసుకోవడం ఎలా? మొదట ఎస్‌క్యూఎల్ కళ్ళతో చూడండి. ఈఎఫ్ కోర్‌లో టు క్వెరీ స్ట్రింగ్ ఉంది, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో ఎకో, హైబర్నేట్‌లో షో ఎస్‌క్యూఎల్, రైల్స్ అయితే డెవలప్‌మెంట్‌లో కన్సోల్‌లోనే పోస్తుంటుంది. అందులో ఇన్నర్ జాయిన్ పక్కన డిలీటెడ్ కాలమ్ కనబడితే ఆగండి. లెఫ్ట్ జాయిన్ ఉందని కూడా ధీమా వద్దు. డిలీటెడ్ షరతు జాయిన్ లోపల ఉంటే బిల్లు బతుకుతుంది. అదే షరతు బయట వేర్‌లో ఉంటే, జోడీ లేని బిల్లుకి ఆ కాలమ్ నల్ అవుతుంది, నల్ ఏ పోలికలోనూ నెగ్గదు, బిల్లు మళ్ళీ పోతుంది. పేరుకి లెఫ్ట్ జాయిన్, పని ఇన్నర్ జాయిన్‌ది. చేత్తో ఎస్‌క్యూఎల్ రాసేవాళ్ళకి కూడా ఇది తెలియాలి.

తర్వాత టెస్ట్ డేటా. మన టెస్టుల్లో కస్టమర్లందరూ ఆరోగ్యంగా ఉంటారు, ఎవరూ డిలీట్ అవ్వరు. అలాంటి డేటాతో ఈ బగ్ పదేళ్ళయినా దొరకదు. కాబట్టి టెస్ట్ డేటాబేస్‌లో ఒక మేస్త్రిని పెట్టండి: డిలీట్ అయినవాడు, కానీ రెండు కట్టని బిల్లులు ఉన్నవాడు. పక్క కొట్టు కస్టమర్ ఒకరిని కూడా పెట్టండి. బాకీల పేజీ టెస్ట్‌లో రెండే ప్రశ్నలు: లిస్ట్‌లో కూడిన మొత్తం, పైన చూపించే మొత్తం ఒకటేనా? పక్క కొట్టు బిల్లు ఒక్కటైనా వచ్చిందా? ఇంకో మాట, ఈఎఫ్ కోర్ ఇన్‌మెమరీ డేటాబేస్‌తో కాకుండా, మీరు నిజంగా వాడే డేటాబేస్ మీదే ఈ టెస్ట్ నడపండి. మనకి కావాల్సింది అది తయారుచేసే అసలు ఎస్‌క్యూఎల్.

మీ యాప్‌లో ఇలాంటి మేస్త్రి ఎవరైనా దొరికితే, ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఏ జాయిన్ వచ్చిందో కింద కామెంట్‌లో రాయండి. కోడ్ పెట్టేటప్పుడు కస్టమర్ల అసలు పేర్లు, నంబర్లు తీసేసి పెట్టండి. ఉంటాను.